జంటగానా, విడివిడిగానా?

1909 జూలై 2. జర్మనీలోని కార్ల్స్‌రూహేలో ప్రొఫెసర్ ఫ్రిట్జ్ హేబర్ ప్రయోగశాలకు బీఏఎస్ఎఫ్ కంపెనీ నుంచి మనుషులొచ్చారు. గాలిలో ఉండే నత్రజనిని హైడ్రోజన్‌తో కలిపి అమ్మోనియా చేసి చూపిస్తానని ఆయన కబురు పెట్టాడు. తీరా మొదలుపెట్టే వేళకు యంత్రంలో ఒక బోల్టు ఊడింది. దాదాపు రెండు వందల రెట్లు వాతావరణ పీడనాన్ని తట్టుకోవలసిన యంత్రం అది. దాన్ని బిగించి మళ్లీ నడిపేసరికి గంటలు గడిచాయి. వచ్చినవారిలో హోదాలో పెద్దవాడైన కార్ల్ బాష్ అంతసేపు ఆగలేక వెళ్లిపోయాడు. ఆల్విన్ మిట్టాష్ మాత్రం కదల్లేదు. చివరికి గాజు గొట్టంలో ద్రవ అమ్మోనియా బొట్లు బొట్లుగా రాలడం ఆయనే చూశాడు. గంటకు సుమారు 125 మిల్లీలీటర్లు, అంటే టీ గ్లాసుడు.

ఆ టీ గ్లాసుడు అమ్మోనియా నుంచే నేటి యూరియా బస్తా వచ్చింది. ఆ కథ చాలామందికి తెలుసు. నేను చెప్పబోయేది దాని వెనక నడిచిన ఇంకో కథ. అమ్మోనియా టన్నుల్లో తయారవుతోంది, ఫ్యాక్టరీలు వెలిశాయి, ఇద్దరికి నోబెల్ బహుమతులు కూడా వచ్చాయి. అయినా ఆ చర్యను నడిపించే లోహం మీద అసలేం జరుగుతోందో డెబ్బై ఏళ్లపాటు ఎవరూ గట్టిగా చెప్పలేకపోయారు.

చిక్కు ఇదీ. గాలిలో నత్రజని జంటగా తిరుగుతుంది. రెండు పరమాణువులు మూడు బంధాలతో ఒకదాన్నొకటి పట్టుకుని ఉంటాయి. ఆ పట్టు విడదీయాలంటే ఒక మోల్‌కు 945 కిలోజౌళ్ల శక్తి కావాలి. రసాయన శాస్త్రంలో ఇంత గట్టి పట్టు అరుదు. కొలిమిలో పెట్టి కాల్చినా మామూలుగా లొంగదు. అలాంటిది ఒక లోహపు పొడి తగలగానే 400, 500 డిగ్రీల వేడికే లొంగిపోతోంది. ఎలా?

దారులు రెండే కనిపించాయి. ఒకటి: జంట వచ్చి లోహం మీద వాలుతుంది, ముందు విడిపోతుంది. ఒంటరైన పరమాణువుకు తర్వాత హైడ్రోజన్ ఒక్కొక్కటిగా మూడు అంటుకుంటాయి. రెండోది: జంట విడిపోకుండానే లోహం మీద కూర్చుంటుంది, అలా ఉండగానే హైడ్రోజన్లు వచ్చి చేరుతుంటాయి. చేరినకొద్దీ మధ్యలో పట్టు సడలి, ఆఖరున తెగుతుంది.

రెండో దారిని ఊహే కదా అని కొట్టిపారేయడానికి లేదు. కంది మొక్కను పీకి వేళ్లు చూడండి, చిన్న చిన్న బుడిపెలుంటాయి. వాటిలోని బ్యాక్టీరియా నత్రజనిని పట్టేది ఆ రెండో పద్ధతిలోనే, అదీ పొలంలో ఉండే మామూలు వేడిలో. ప్రకృతి ఒక పని ఒకలా చేస్తుంటే లోహం మాత్రం ఇంకోలా ఎందుకు చేయాలి?

మొదటి ఆధారం మిట్టాష్ బల్ల మీదే దొరికింది, కానీ అది ఆధారమని అప్పుడు తెలియదు. హేబర్ వాడింది ఆస్మియం. అప్పటికి ప్రపంచమంతా గాలించినా దొరికేది వంద కిలోల లెక్కే. వంద కిలోలతో దేశాలకు ఎరువు చేయలేరు కదా. చౌకగా దొరికేదేదో వెతకమన్నారు. మిట్టాష్ తన బృందంతో చిన్న చిన్న పరీక్షా యంత్రాలు వరసగా పెట్టించి, కంటపడిన ప్రతి పదార్థాన్నీ వాటిలో వేసి చూశాడు. 1912 నాటికి సుమారు 2,500 పదార్థాలతో 6,500 పరీక్షలు అయ్యాయి. ఇంత ఓపికను ఇవాళ కంప్యూటర్లకు అప్పగిస్తున్నాం.

ఇనుము మీద ఎవరికీ పెద్ద ఆశ లేదు. శుద్ధమైన ఇనుముతో ఫలితం అంతంత మాత్రం. 1909 నవంబర్‌లో ఒక రోజు, స్వీడన్‌లోని గాలివారె గనుల నుంచి వచ్చి అలమరలో పడి ఉన్న మాగ్నెటైట్ ముక్కను పరీక్షకు పెట్టారు. అమ్మోనియా ధారాళంగా వచ్చింది. రాయి కూడా ఇనుమే, కానీ శుద్ధ ఇనుము చేయని పని చేసింది. తేడా ఏమిటంటే ఆ రాయిలో మురికి ఉంది. దాంతో మిట్టాష్ శుద్ధ ఇనుముకు ఒక్కో మురికినీ తానే కలుపుతూ పోయాడు. గంధకం, భాస్వరం, క్లోరిన్ పనిని చంపేశాయి. అల్యూమినా, పొటాష్ వంటివి, ఒకటి రెండు శాతం చాలు, పాలకు తోడు వేసినట్టు పనిచేశాయి. ఆ తోడు కలిపిన ఇనుముతోనే 1913 సెప్టెంబర్‌లో ఓపావ్‌లో ఫ్యాక్టరీ మొదలైంది. ఇవాళ్టికీ అమ్మోనియా ఫ్యాక్టరీల్లో ఎక్కువ చోట్ల వాడేది కొంచెం అటూ ఇటూగా ఆ వంటకమే.

మిట్టాష్‌కు ఏది పనిచేస్తుందో తెలిసింది. ఎందుకు పనిచేస్తుందో తెలియలేదు. తెలియాల్సిన తొందర కంపెనీకీ లేదు.

రెండో ఆధారం అట్లాంటిక్ అవతల, వాషింగ్టన్‌లో దొరికింది. మొదటి ప్రపంచ యుద్ధం అయ్యాక అమెరికా ప్రభుత్వం నత్రజని కోసమే ఒక ప్రయోగశాల పెట్టింది. అక్కడ పాల్ ఎమ్మెట్, స్టీఫెన్ బ్రునావర్ చాలా తెలివైన పోలిక ఒకటి చేశారు. 1934లో వాళ్లు హైడ్రోజన్‌ను పక్కనపెట్టి, ఒక్క నత్రజనే ఇనుముకు ఎంత వేగంగా అంటుకుంటుందో కొలిచారు. అమ్మోనియా తయారయ్యే వేగమూ అదీ దాదాపు ఒక్కటే. పది మంది చేతులు మారే పనిలో ఎవరో ఒకరు మెల్లగా చేస్తే మొత్తం పని ఆ ఒకరి వేగానికే నడుస్తుంది. ఇక్కడ మెల్లగా చేసేది నత్రజని పట్టుబడే మెట్టు. మిగతావన్నీ దాని వెనక పరుగెత్తేవే.

కానీ పట్టుబడింది జంటా, విడిపోయిన పరమాణువులా? కొలత ఆ మాట చెప్పలేదు. నత్రజని ఇనుముకు అంటిందని తెలుస్తుంది గానీ ఏ రూపంలో అంటిందో తెలియదు.

వాళ్లు దారిలో ఇంకో పెద్ద పని కూడా చేసిపెట్టారు. పొడి రేణువుల్లో లోపలి రంధ్రాలతో సహా మొత్తం ఉపరితలం ఎన్ని చదరపు మీటర్లో కొలిచే పద్ధతి. మైనస్ 196 డిగ్రీల చలిలో నత్రజనితో ఉపరితలాన్ని కప్పి లెక్కకట్టడం. ఎడ్వర్డ్ టెల్లర్ కూడా కలిసి 1938లో రాసిన ఆ పేపర్‌లోని పద్ధతితోనే ఇవాళ మందుల కంపెనీల నుంచి సిమెంటు ఫ్యాక్టరీల దాకా పొడులు కొలుస్తున్నారు. ఈ కొలతల్లోనే మరో విషయం బయటపడింది. ఇనుములో ఒకటి రెండు శాతమే ఉన్న ఆ తోడు పదార్థాలు లోపల దాక్కోకుండా పైకి తేలి, ఉపరితలంలో పెద్ద వాటాను ఆక్రమించుకుని కూర్చున్నాయి. బరువులో పిసరంతే, ముఖం మీద మాత్రం రాజ్యం వాటిదే.

ఆ తర్వాత ఏళ్ల తరబడి ఆధారాలు పెరిగాయి, స్పష్టత పెరగలేదు. రష్యాలో త్యోమ్కిన్, పిజోవ్ ఇద్దరూ వేగానికి ఒక సూత్రం కట్టారు. ఫ్యాక్టరీ లెక్కలకు అది చక్కగా సరిపోయింది. కానీ ఒక సూత్రం సరిపోయిందంటే దాని వెనక కథ నిజమేనని కాదు. ఇంకో కథతో కూడా అదే సూత్రం కట్టొచ్చు. 1960లో ఒజాకీ, టేలర్, బుడార్ట్ హైడ్రోజన్ బదులు బరువైన డ్యుటీరియంతో చేసి చూస్తే చర్య ఇంకా వేగంగా సాగింది. బరువైనది మెల్లగా నడవాలి గదా! ఆ వింతనూ ఇరుపక్షాలవాళ్లూ తమకు అనుకూలంగానే చదివారు. 1970ల నడుమ, ఈ పనిలోనే తలపండిన ఎమ్మెట్ ఒక సభలో ఉన్నమాట చెప్పాడు: నత్రజని అంటుకోవడమే మెల్లని మెట్టు అని తేలింది, కానీ అది అణువా, పరమాణువా అన్నది తేలలేదని. సొంత వృత్తి గురించి ఇంత నిజాయితీగా మాట్లాడేవాళ్లు తక్కువ.

తేలకపోయింది తెలివి తక్కువై కాదు. సాక్షి మాట వినే పద్ధతి లేక. ఫ్యాక్టరీలో ఉండేది వందల రెట్ల పీడనం, నాలుగైదు వందల డిగ్రీల వేడి, కోట్ల రేణువులు, ఒక్కో రేణువు ఒక్కో ఆకారంలో. ఆ గోలలో ఒక పరమాణువు ఏం చేస్తోందో ఎవరు చూస్తారు?

గెర్హార్ట్ ఎర్టిల్ దీన్ని తలకిందులుగా పట్టుకున్నాడు. 1936లో ష్టుట్‌గార్ట్‌లోని బాడ్ కాన్‌ష్టాట్‌లో పుట్టిన ఆయన, మ్యూనిక్‌లో హైన్స్ గెరిషర్ దగ్గర పీహెచ్‌డీ చేశాడు. హానోవర్‌లో పాఠాలు చెప్పి, 1973లో మళ్లీ మ్యూనిక్ వచ్చాడు. పీడనం పెంచుతూ పోతే ఏమీ కనబడనప్పుడు దాన్ని దాదాపు సున్నాకు దించితే? రేణువుల గుంపుకు బదులు ఒకే ఒక ఇనుప స్ఫటికాన్ని ఒక తీరుగా కోసి, ఆ ముఖం ఒక్కటే చూస్తే?

ఇది వినడానికి తేలిక. గది గాలిలో ఏ లోహపు ముఖమూ శుభ్రంగా ఉండదు. మంచి పంపుతో గాలిని వాతావరణంలో వంద కోట్లలో ఒక వంతుకు దించినా, మిగిలిన వాయువు ఒక్క సెకనులో ముఖమంతా కప్పేస్తుంది. ఇంకా దించి పది లక్షల కోట్లలో ఒక వంతుకు తెస్తే గంటల తరబడి శుభ్రంగా ఉంటుంది. అలాంటి శూన్యం 1950, 60ల్లోనే మామూలు ప్రయోగశాలలకు అందింది. ఆ శూన్యంలో ఎలక్ట్రాన్లను ముఖం మీదకు వదిలితే అవి తిరిగొచ్చే తీరును బట్టి పరమాణువులు ఎలా పేర్చి ఉన్నాయో, ఏ మూలకం ఎంత ఉందో చెప్పొచ్చు.

దీనికి ఇనుము మహా మొండి. లోపలున్న గంధకం వేడి తగలగానే ముఖం మీదికి ఊరుతుంది. పోనీ బాగా కాల్చి శుద్ధి చేద్దామంటే 912 డిగ్రీల దగ్గర ఇనుము లోపలి అల్లికే మారిపోతుంది, జాగ్రత్తగా కోసుకున్న స్ఫటికం పాడవుతుంది. కాబట్టి ఆర్గాన్ అయాన్లతో చెక్కడం, మెల్లగా కాల్చడం, మళ్లీ చెక్కడం. రోజుల తరబడి, వారాల తరబడి. ప్రయోగం గంటది, స్నానం నెలది అన్నట్టుండేది.

అంత చేశాక దొరికిన మొదటి అంకె చూసి ఎవరైనా నిరాశపడాలి. శుభ్రమైన ఇనుప ముఖాన్ని నత్రజని అణువులు పది లక్షల సార్లు తాకితే ఒక్కసారి మాత్రమే అంటుకుంటోంది. కొన్ని ముఖాల మీద అంతకన్నా తక్కువ. ఇలాంటిది ఫ్యాక్టరీ ఎలా నడుపుతుంది? ఇక్కడ కొంచెం లెక్క చేస్తే సంగతి తేలుతుంది. మామూలు వాతావరణ పీడనంలోనే ముఖం మీద ఒక్కో పరమాణువును సెకనుకు కోట్ల సార్లు అణువులు గుద్దుతుంటాయి. కోట్లలో లక్షకొకటి, పది లక్షలకొకటి నిలబడినా సెకనుకు పదులూ వందలే. ఎమ్మెట్ చెప్పిన మెల్లని మెట్టుకు లెక్క కుదిరింది.

ఆ నిలిచినది ఏ రూపంలో ఉంది? చలిలో, జంట విడిపోకుండానే అంటుతుంది. 111 అనే ముఖం మీద కొన్ని అణువులు నిలువుగా కాక అడ్డంగా పడుకుని కనిపించాయి, మధ్య బంధం అప్పటికే సాగి సడలి ఉంది. కాస్త వేడెక్కించగానే కొన్ని ఎగిరిపోయాయి, కొన్ని తెగి పరమాణువులయ్యాయి. చర్య జరిగే వేడిలో ముఖం మీద గట్టిగా కనిపించేది పరమాణువులే.

ఇక్కడితో కేసు మూసేయొచ్చు అనిపిస్తుంది. కానీ నిలదీసేవాడు ఇంకో మాట అడుగుతాడు: పరమాణువులు అక్కడ ఉన్నాయి, సరే. ఉన్నంత మాత్రాన పని చేసింది అవేనని ఎలా? జంటలు చకచకా అమ్మోనియాగా మారి వెళ్లిపోతుంటే, ఈ విడిపోయినవి మూల కూర్చున్న పనికిరానివి కావచ్చు. సంతలో ఎక్కువ కనబడేది అమ్ముడుపోని సరుకే కదా.

ఎర్టిల్ బృందం దీనికి వేసిన ఎత్తు ఈ కథంతటిలో నాకు బాగా నచ్చినది. నత్రజనిని అలాగే ఉంచి హైడ్రోజన్‌ను పెంచుతూ పోయారు. గంటల తరబడి నడిపి, ఆపి, ముఖం మీద ఎన్ని నత్రజని పరమాణువులు మిగిలాయో లెక్కపెట్టారు. అవి కేవలం మూల కూర్చున్నవైతే హైడ్రోజన్ ఎంత పెరిగినా వాటి సంఖ్య మారకూడదు. మారింది. హైడ్రోజన్ పెరిగినకొద్దీ అవి తగ్గాయి. వాటిని ఎవరో తీసుకుపోతున్నారు, తీసుకుపోయేది హైడ్రోజనే. అందుకే అవి తరగడం సాక్ష్యమైంది.

ఇక గాలివారె రాయి సంగతి. శుద్ధమైన ఇనుప ముఖం మీద కొంచెం పొటాషియం చల్లి మళ్లీ కొలిస్తే, నత్రజని అంటుకునే అవకాశం ఒక ముఖం మీద దాదాపు మూడు వందల రెట్లు పెరిగింది. పొటాషియం ఎలక్ట్రాన్‌ను ఇనుముకు ఇచ్చేస్తుంది. ఇనుము దాన్ని నత్రజని జంటలోకి, బంధాన్ని బలహీనపరిచే చోటుకే, నెడుతుంది. అల్యూమినాకు వేరే పని. అది ఇనుము రేణువులు వేడికి ఒకదానికొకటి అతుక్కుని ముద్దవకుండా అడ్డుపడుతుంది. డెబ్బై ఏళ్ల కిందట ఎవరో అలమరలోంచి తీసిన రాయి ఎందుకు పనిచేసిందో ఇప్పటికి తేలింది.

ఇంకో చిక్కు మిగిలింది. ఎర్టిల్ లెక్కలన్నీ శూన్యంలోవి, ఫ్యాక్టరీ వందల రెట్ల పీడనంలోది. ఈ రెంటికీ నడుమ అగాధముంది, అక్కడ చూసింది ఇక్కడ చెల్లుతుందా అని ఫ్యాక్టరీ ఇంజనీర్లు అడగడం న్యాయమే. కాలిఫోర్నియాలో బర్క్‌లీ ప్రొఫెసర్ గాబోర్ సోమొర్జాయ్ దీనికి వేరే దారి పట్టాడు. 1956లో హంగరీ విప్లవం అణగారాక దేశం వదిలి వచ్చిన మనిషి ఆయన. శూన్యపు గదిలోనే ఒక చిన్న పీడన గది కట్టి, స్ఫటికాన్ని అందులో మూసి, ఇరవై రెట్ల వాతావరణ పీడనంలో అమ్మోనియా చేయించి, మళ్లీ తెరిచి చూశాడు. 1982లో వచ్చిన ఫలితం: మూడు రకాల ముఖాల పనితనం 418, 25, 1 నిష్పత్తిలో ఉంది. ఒకే ఇనుము, ఒకే వేడి, ఒకే వాయువులు. కోసిన తీరు మాత్రమే వేరు.

ఒకటి వచ్చిన ముఖం గచ్చు చేసిన వాకిలిలాంటిది, పరమాణువులు పక్కపక్కనే ఇరుక్కుని ఉంటాయి. 418 వచ్చిన 111 ముఖం రాళ్లు తేలిన గట్టులాంటిది, పై వరస సందుల్లోంచి లోపలి వరసల పరమాణువులు కూడా వచ్చినవాటికి అందుతాయి. అక్కడ ఏడుగురు పొరుగువాళ్లున్న ఒక ఇనుప పరమాణువు ఉంది, పని ఎక్కువ అక్కడే జరుగుతుందని సోమొర్జాయ్ వాదన. ఉత్ప్రేరకం ముఖమంతా ఒకేలా పనిచేయదు, ఏవో కొన్ని చోట్లే పనిచేస్తాయని హ్యూ టేలర్ 1925లోనే అన్నాడు. అప్పుడది అంచనా, ఇప్పుడది అంకె. శూన్యంలో ఎర్టిల్ చూసిన వరసా ఇదే: 111 ముందు, గచ్చు ముఖం ఆఖరు.

1985లో డెన్మార్క్‌లో ష్టోల్ట్‌సె, నోర్‌స్కోవ్ ఆ అగాధం మీద వంతెన కట్టారు. శూన్యంలో ఒక్క స్ఫటికం మీద కొలిచిన అంకెలే తీసుకుని, ఫ్యాక్టరీ రియాక్టర్‌లో ఎంత అమ్మోనియా వస్తుందో లెక్కకట్టారు. లెక్కా, ఫ్యాక్టరీ అంకే దగ్గర దగ్గరగా వచ్చాయి. అమ్మోనియా ఫ్యాక్టరీలకు ఉత్ప్రేరకాలు, డిజైన్లు ఇచ్చే టాప్సో కంపెనీ కూడా డెన్మార్క్‌దే. మన రామగుండంలో బొగ్గుతో నడిచే పాత ఎరువుల ఫ్యాక్టరీ 1999లో మూతపడ్డాక, గ్యాస్‌తో నడిచేలా కొత్తగా కట్టిన ఎరువుల కర్మాగారంలో అమ్మోనియా విభాగం టాప్సో పద్ధతిదే. సీజన్‌లో యూరియా కోసం చెప్పులు, పాస్‌బుక్కులు వరసలో పెట్టి నిలబడే రైతుకు ఈ గొడవ అక్కర్లేదు. కానీ 45 కిలోల బస్తాలో దాదాపు 21 కిలోల నత్రజని ఉంటుంది. దాంట్లో ప్రతి పరమాణువూ ఒకసారి ఏదో ఇనుము ముఖం మీద తన జంటను వదిలి ఒంటరిగా నిలబడి ఉండాలి.

ఇంటర్‌లో మేం చదువుకున్నది ఒక్క లైనే: ఇనుము ఉత్ప్రేరకం, మాలిబ్డినం దానికి తోడు. మార్కులకు అది చాలింది. పొటాష్ ఊసు ఆ లైనులో లేదు.

2007 నోబెల్ బహుమతి ఎర్టిల్ ఒక్కడికే వచ్చింది, అక్టోబర్ 10న, ఆయన 71వ పుట్టినరోజు నాడు. 1986 నుంచి 2004 దాకా ఆయన బెర్లిన్‌లో హేబర్ పేరు పెట్టిన ఇన్‌స్టిట్యూట్‌కు ఒక డైరెక్టర్. హేబర్ తయారు చేసిన చర్యను విప్పిన మనిషి హేబర్ కుర్చీలోనే కూర్చున్నట్టు. 1998లో వుల్ఫ్ బహుమతిని ఎర్టిల్‌తో పంచుకున్న సోమొర్జాయ్‌కు నోబెల్‌లో వాటా దక్కలేదు. ఇది న్యాయమేనా అని అప్పట్లో గట్టి చర్చే నడిచింది. నా మట్టుకు నాకు, 418 అన్న ఆ అంకె లేకపోతే ఈ కథలో సగం సందేహం అలాగే మిగిలి ఉండేదనిపిస్తుంది.

2024లో స్టాక్‌హోమ్ శాస్త్రవేత్తలు హాంబర్గ్‌లోని పెద్ద ఎక్స్‌రే యంత్రం దగ్గర, చర్య జరుగుతుండగానే ఇనుము ముఖాన్ని చూశారు. మధ్యలో ఆపలేదు, శూన్యంలోకి తీసుకెళ్లలేదు. ఇనుము లోహంగానే ఉంది, నైట్రైడ్‌గా మారిపోలేదు. వాళ్లు వెళ్లగలిగిన పీడనం ఒక వాతావరణం దాకా. ఫ్యాక్టరీలో ఉండేది దానికి వంద రెట్ల పైమాటే. ఆ మిగిలిన దూరం ఇప్పటికింకా లెక్కల మీదే నడుస్తోంది.